ఉన్న సరుకు ఎంత, చూపాల్సిన సరుకు ఎంత?

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తన మొదటి ‘బిగ్ బిలియన్ డే’ జరిపింది. పది గంటల్లో దాదాపు 600 కోట్ల రూపాయల వ్యాపారం జరిగిందని ప్రకటించింది. మర్నాడే సంస్థ వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాయాల్సి వచ్చింది. సైటు మొరాయించడం ఒక కారణమైతే, సరుకు చూస్తుండగానే అయిపోవడం, తీసుకున్న ఆర్డర్లు రద్దు కావడం మరో కారణం. అంత పెద్ద సంస్థకు ఆ రోజు ఎదురైన ప్రశ్న ఇప్పుడు మంగళగిరి చీరల కొట్టుకీ, గుంటూరు పచ్చళ్ల వ్యాపారికీ, పోచంపల్లి ఇక్కత్ అమ్మేవారికీ రోజూ ఎదురవుతోంది. బీరువాలోనూ గోడౌన్‌లోనూ ఉన్న సరుకులో ఎంతని ఆన్‌లైన్‌లో చూపాలి?

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. కౌంటరు దగ్గర అమ్మితే సరుకు కళ్లముందే తగ్గేది. ఇప్పుడు అదే చీర కౌంటరులో ఉంటుంది, వాట్సాప్ వీడియో కాల్‌లో కనిపిస్తుంది, సొంత వెబ్‌సైటులో ఉంటుంది, అమెజాన్‌లోనూ ఉంటుంది. లెక్క మాత్రం టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. టాలీలోని అంకెను వెబ్‌సైటుకు పంపే పనినే సింక్ అంటున్నాం. బటన్ నొక్కితే అంకె అటు వెళ్తుందని సాఫ్ట్‌వేర్ అమ్మేవారు చెబుతారు. అది నిజమే. కానీ పుస్తకంలోని అంకె మన దగ్గర ఉన్నదెంతో చెబుతుంది, వెబ్‌సైటులోని అంకె మనం ఇస్తామన్నదెంతో చెబుతుంది. మొదటిది లెక్క, రెండోది మాట. ఈ రెంటి మధ్య జరగాల్సిన సర్దుబాటు ఏమిటి, ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్న నాలుగు విషయాల మీద వ్యాపారుల్లోనూ పరిశోధకుల్లోనూ సాఫ్ట్‌వేర్ తయారీదారుల్లోనూ ఉన్న ఆలోచనలను ఒకచోట పెట్టి తూచడం ఈ వ్యాసం ఉద్దేశం.

పుస్తకం నిజం చెబుతోందా?

పుస్తకంలోని అంకే తప్పయితే దాని మీద ఎన్ని సర్దుబాట్లు చేసినా వృథా. ఈ విషయంలో తరచూ ఉదహరించే పరిశోధన నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్‌లది. 2008లో ‘మేనేజ్‌మెంట్ సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 స్టాక్ నమోదులను వాళ్లు పరిశీలిస్తే, 65 శాతం నమోదుల్లో కంప్యూటర్‌లోని అంకెకూ అరలోని సరుకుకూ పొంతన కుదరలేదు. దుకాణంలో బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో. యంత్రం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా లెక్క ఇంతగా తప్పిందంటే, లోపాన్ని యంత్రాల్లో కంటే మన అలవాట్లలో వెతకాలి.

ఆ అలవాట్లు మన కొట్లలో అందరికీ తెలిసినవే. నీలం చీర, ఆకుపచ్చ చీర రెండూ అమ్ముడైతే ఒకే చీర కోడ్ స్కాన్ చేసి సంఖ్య దగ్గర రెండు కొడతారు. మొత్తం లెక్క సరిపోతుంది, రంగుల లెక్క రెండు వైపులా చెడుతుంది. మాస్టర్ వీవర్ దగ్గర నుంచి వచ్చిన మూట కొనుగోలు బిల్లు ఎక్కించకముందే అరలోకి చేరి, అందులోంచి రెండు అమ్ముడైపోతాయి. టాలీలో మైనస్ రెండు కనిపిస్తుంది. పెళ్లివారింటికి చూపించడానికి పంపిన పదిహేను చీరలు వారం దాకా తిరిగి రావు, పుస్తకంలో మాత్రం అరలోనే ఉంటాయి.

ఈ తప్పు రెండు వైపులా నష్టమే. పుస్తకంలో ఉండి అరలో లేకపోతే ఆర్డర్ రద్దవుతుంది, కొన్నవారు కోప్పడతారు, తప్పు బయటపడుతుంది. అరలో ఉండి పుస్తకంలో లేకపోతే ఆన్‌లైన్‌లో ‘స్టాక్ లేదు’ అని పడుతుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు, చీర మడతలోనే పాతబడుతుంది. రెండో నష్టం కంటికి కనిపించదు కాబట్టే చాలామంది దాన్ని నష్టంగా లెక్కించరు.

మందు తెలిసినదే. మార్చి 31కి ఏడాదికొకసారి మొత్తం సరుకు లెక్కపెట్టడం ఆన్‌లైన్ అమ్మకానికి చాలదు. రోజుకు కొన్ని రకాల చొప్పున విడతలుగా లెక్కపెట్టాలి. అన్నిటినీ సమానంగా లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి వరుస ఉండాలి. పుస్తకంలో మైనస్ చూపిస్తున్నవి మొదట, మూడు లోపు ఉన్నవి తర్వాత, వేగంగా కదిలేవి ఆ తర్వాత. 50 ఉన్నాయని రాసి ఉన్నచోట 48 ఉంటే ఈ రోజు ఎవరి ఆర్డరూ ఆగదు. 1 అని రాసి ఉన్నచోట సున్నా ఉంటే ఆగుతుంది. సున్నాకు దగ్గరగా ఉన్న అంకెలే అసలు ప్రమాదం. లెక్కపెట్టాక టాలీలో ఫిజికల్ స్టాక్ వోచర్ వేస్తే, ఆ తేదీ నుంచి అదే నిల్వ అవుతుంది.

ఉన్నదాంట్లోంచి ఏమేం తీయాలి?

లెక్క సరిపోయాక కూడా ఉన్నదంతా అమ్మకానికి పనికిరాదు. అడ్వాన్సు ఇచ్చి పక్కన పెట్టించుకున్న చీర మన అరలోనే ఉన్నా మనది కాదు. ఆర్డర్ వచ్చి కొరియర్ కోసం ప్యాక్ చేసి ఉంచినదీ అంతే. అంచు దగ్గర పోగు లేచినది, మరక పడినది, కౌంటరు మీద నమూనాగా విప్పి పెట్టినది, ఎగ్జిబిషన్‌కు వెళ్లినది, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. వెబ్‌సైటులో ఉండకూడదు.

మన దేశంలో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది తిరిగొచ్చే సరుకు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో కొన్ని తలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తాయి. కొరియర్ యాప్‌లో ‘తిరిగి చేరింది’ అని పడగానే సంఖ్య పెంచే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అలా పెంచడం పొరపాటు. పార్సిల్ విప్పాలి, మడత చూడాలి, జాకెట్టు ముక్క ఉందో లేదో చూడాలి, మనం పంపిన చీరే వచ్చిందో లేదో చూడాలి. ఆ పరీక్ష అయ్యేదాకా దాన్ని వేరే గోడౌన్ పేరుతో ఉంచడం మంచిది. టాలీలో గోడౌన్ అంటే కాగితం మీద పేరే కాబట్టి ‘రిటర్న్ పరీక్ష’ అని ఒకటి సృష్టించుకోవడానికి ఖర్చేమీ లేదు.

తినే పదార్థాల విషయంలో చట్టమే ఒక కోత పెట్టింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ ఆహార వ్యాపారులకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సరుకు కొన్నవారి చేతికి చేరేసరికి దాని వాడుక గడువులో 30 శాతం గానీ, గడువు తీరడానికి 45 రోజులు గానీ మిగిలి ఉండాలి. గడువు చాలావరకు తీరి నెల రోజులే మిగిలిన గోంగూర సీసాను కౌంటరు మీద తేదీ చూపించి అమ్మవచ్చు. ఆన్‌లైన్ లెక్కలోకి అది రాకూడదు. పార్సిల్ చేరడానికి వారం పడుతుందనుకుంటే ఆ వారం కూడా కలుపుకుని కోయాలి. అందువల్ల పచ్చళ్ల వ్యాపారి ఒక్కో రకానికి మొత్తం ఎన్ని సీసాలున్నాయో తెలిస్తే చాలదు, ఏ బ్యాచ్‌వి ఎన్నో తెలియాలి. బ్యాచ్ రాయని పుస్తకం నుంచి ఈ కోత కోయడం అసాధ్యం.

ఈ తేడాను సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఎప్పుడో గుర్తించారు. షాపిఫై ‘చేతిలో ఉన్నది’, ‘అమ్మకానికి ఉన్నది’, ‘ఆర్డర్లకు కట్టుబడినది’, ‘అమ్మకానికి లేనిది’ అని వేర్వేరు గడులు పెట్టింది. అమ్మకానికి లేనిదాంట్లో పాడైనవి, నాణ్యత పరీక్షలో ఉన్నవి, భద్రత కోసం ఆపినవి మళ్లీ వేరు. జోహో ఇన్వెంటరీలోనూ చేతిలోని స్టాక్ వేరు, కట్టుబడిన స్టాక్ వేరు, అమ్మకానికి ఉన్నది వేరు. మెజెంటో 2018లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి గోడౌన్‌లోని సంఖ్యను ముట్టుకోకుండా, ఆర్డర్ రాగానే దానిమీద ఒక పట్టు నమోదు చేసి, అమ్మదగిన సంఖ్యను విడిగా లెక్కిస్తోంది. పేర్లు వేరైనా ఈ ముగ్గురూ చేరిన చోటు ఒకటే. ఉన్నదాన్నీ అమ్మదగినదాన్నీ ఒకే గడిలో రాయకూడదు.

కొలతల చిక్కు

చీరను ఒకటి, రెండు అని లెక్కపెట్టవచ్చు. పచ్చడినీ తాను గుడ్డనూ అలా లెక్కపెట్టలేం. చాలామంది వ్యాపారులు తప్పేది ఇక్కడే, సాఫ్ట్‌వేర్ అతి తక్కువ సాయం చేసేదీ ఇక్కడే.

వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీల్లో 40 కిలోలు ఉందనుకుందాం. వెబ్‌సైటులో పావు కిలో, అర కిలో, కిలో అని మూడు సైజులు పెట్టారు. సింక్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కో సైజుకు విడిగా భాగారం చేసి 160, 80, 40 అని పంపుతుంది. ఒక్కో అంకె విడిగా చూస్తే సరైనదే. మూడూ కలిపితే 120 కిలోలకు మాట ఇచ్చినట్టు. ఒకరు కిలో సీసాలు పది కొన్న వెంటనే మిగతా రెండు సైజులూ 120, 60కి దిగకపోతే మాట తప్పడం మొదలైనట్టే.

దీనికి రెండు దారులున్నాయి. మూడు సైజులనూ ఒకే నిల్వకు కట్టి, ఏది అమ్ముడైనా మూడూ వెంటనే తగ్గేలా చేయడం ఒకటి. సరుకు ఏ సైజులోనూ నిలిచిపోదు కాబట్టి ఇది మేలైనది. కానీ సింక్ ఆలస్యమైతే ప్రమాదం మూడింతలు. పంచి ఇవ్వడం రెండోది. అడుగున మిగిలేదీ తూకంలో పోయేదీ కింద ముందే 4 కిలోలు తీసేసి, మిగిలిన 36 కిలోల్లో పావు కిలో సీసాలు 80, అర కిలోవి 20, కిలోవి 6 అని పాత అమ్మకాలను బట్టి పంచాలి. అప్పుడు ఏ అంకె ఎంత ఆలస్యంగా మారినా మొత్తం 36 కిలోలు దాటదు. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే సింక్ చేయగలిగేవారికి పంపకమే క్షేమం. ముందే సీసాల్లో నింపి లేబుల్ వేసినవారికి ఈ చిక్కే ఉండదు, సీసా ఒక్కటే కొలత.

గుడ్డ మరో రకం. పుస్తకంలో మంగళగిరి కాటన్ 31 మీటర్లు ఉంది. కుర్తాకు 2.5 మీటర్ల చొప్పున 12 ముక్కలు వస్తాయని లెక్క చెబుతుంది. అరలో ఉన్నవి మాత్రం 12, 9, 6, 2.5, 1.5 మీటర్ల ఐదు ముక్కలు. వాటిలోంచి వరుసగా 4, 3, 2, 1, 0 వస్తాయి. మొత్తం పదే. ఐదు మీటర్లు కావాలనేవారికి లెక్క ప్రకారం ఆరుగురికి ఇవ్వాలి, కత్తెర పట్టుకుంటే నలుగురికే వస్తుంది. కాబట్టి తాను గుడ్డను మీటర్ల మొత్తంగా ఆన్‌లైన్‌కు పంపకూడదు. ముక్కల వారీగా భాగించి, దశాంశాలు వదిలేసి, వచ్చిన నిండు సంఖ్యలను కూడి పంపాలి. మిగిలిన చిన్న ముక్కలను కట్‌పీసులుగా వేరే పేరుతో పెట్టుకోవచ్చు. చీరకు జాకెట్టు, పెట్టికోటు కలిపి సెట్‌గా అమ్మేవారికీ ఇదే సూత్రం. మూడింటిలో ఏది తక్కువుంటే సెట్లు అన్నే.

ఎంత పక్కన పెట్టాలి?

తీయాల్సినవి తీసేశాక, కొలతలు సరిచేశాక మిగిలినదంతా చూపవచ్చా? దీనిమీద రెండు వాదాలున్నాయి. సింక్ క్షణాల్లో జరుగుతుంది కాబట్టి ఉన్నదంతా చూపమని సాఫ్ట్‌వేర్ అమ్మేవారి మాట. సగం చూపి సగం దాచమని అనుభవం ఉన్న వ్యాపారుల మాట. మొదటి వాదం కౌంటరును మరిచిపోతుంది. చీర మడిచి కవర్లో పెట్టి, డబ్బు లెక్కపెట్టి, తర్వాత తీరికగా బిల్లు కొట్టే కొట్లో క్షణాల సింక్ ఉన్నా అంకె ఆలస్యంగానే కదులుతుంది. రెండో వాదం దాచిన సగం అమ్ముడుపోకపోతే కలిగే నష్టాన్ని మరిచిపోతుంది.

ఎంత ఆపాలన్నది రెండు సింక్‌ల మధ్య ఎంత అమ్ముడవుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. పండగ ముందు ఒక రకం చీర అరగంటకు సగటున ఒకటి అమ్ముడవుతోందనుకుందాం, అరగంటకొకసారి సింక్ అవుతోందనుకుందాం. సంభావ్యతలో పాయిసాన్ లెక్క ప్రకారం ఆ అరగంటలో రెండుకు మించి అమ్ముడయ్యే అవకాశం నూటికి 8. మూడుకు మించి అమ్ముడయ్యే అవకాశం నూటికి 2 లోపు. అంటే మూడు ఆపితే దాదాపు నిశ్చింత. అదే సింక్‌ను ఐదు నిమిషాలకు తగ్గిస్తే, ఒక్కటి ఆపినా ప్రమాదం నూటికి ఒకటికి కాస్త పైన ఉంటుంది. సింక్ వేగం పెంచడానికి పెట్టే ఖర్చు ఇలా తిరిగొస్తుంది. ఒక్కో రకంలో ఆపాల్సిన మూడు ఒకటవుతుంది, రెండు చీరలు అమ్మకానికి విడుదలవుతాయి.

ఈ లెక్కకు ఒక షరతుంది. కొనేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒక్కొక్కటిగా కొనాలి. మన దగ్గర పెట్టుబడి చీరలు కొనేవారు అలా కొనరు. పెళ్లికో గృహప్రవేశానికో ఒకే రకం పది, ఇరవై ఒకేసారి తీసుకుంటారు. అలాంటి రకాలకు సగటును నమ్ముకోకూడదు, ఒక్క బిల్లులో వెళ్లిన అతి పెద్ద సంఖ్యను చూసి అంత ఆపాలి. ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో పెట్టిన అంకె శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం ముందు పనికిరాదు, ముహూర్తాలు లేని మూఢంలో పెట్టినది మాఘంలో పనికిరాదు. పంచాంగం చూసి అంకె మార్చే వ్యాపారి ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ముందుంటాడు.

శాతం చొప్పున ఆపడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. నా అంచనాలో అది బలహీనమైనది. ఐదు ఉన్నచోట పది శాతం అంటే అర చీర, రక్షణ లేనట్టే. ఐదువందలు ఉన్నచోట యాభై ఆగిపోతాయి, అంత అక్కర్లేదు. రక్షణ కావలసినచోట ఇవ్వక, అక్కర్లేనిచోట ఇస్తుంది. అమ్మకం వేగాన్ని బట్టి రకానికొక స్థిరమైన సంఖ్య పెట్టుకోవడం మేలు. ఆ సంఖ్య సాఫ్ట్‌వేర్‌లో ఎలా పనిచేస్తుందో కూడా చూసుకోవాలి. మెజెంటోలో ‘స్టాక్ లేదు’ హద్దు 2 అని పెడితే అమ్మదగిన సంఖ్యలోంచి రెండు తగ్గుతాయి. వూకామర్స్‌లో హద్దు 2 అని పెడితే నిల్వ రెండుకు దిగినప్పుడు ‘స్టాక్ లేదు’ అని పడుతుంది, కానీ ఐదు ఉన్నప్పుడు ఒకరు ఐదూ ఒకే ఆర్డర్‌లో తీసుకోవచ్చు. చూడటానికి ఒకే గడి, చేసే పని వేరు.

వారాల తరబడి మగ్గం మీద నేసిన ఉప్పాడ జాందానీకి ఈ లెక్కలేవీ వర్తించవు. అది ఒక్కటే ఉంటుంది. ఒకటి ఆపితే సున్నా కనిపిస్తుంది, ఆపకపోతే కౌంటరులోనూ వెబ్‌సైటులోనూ ఒకేసారి అమ్ముడవుతుంది. ఇక్కడ అంకెల సర్దుబాటు పనిచేయదు, చోటు సర్దుబాటే దారి. ఒక్క పీసు చీరలకు వేరే బీరువా ఉండాలి. ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టిన క్షణం నుంచి చీర ఆ బీరువాలోకి వెళ్లాలి. కౌంటరుకు వచ్చినవారు అదే కావాలంటే ముందు ఫోన్‌లో దాన్ని సున్నా చేయాలి, తర్వాతే మడత విప్పాలి. గుమాస్తా ఈ వరుస తప్పకుండా ఉంటే చాలు, ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఇవ్వని రక్షణ దొరుకుతుంది.

ఆపే సంఖ్య ఎంత ఉండాలో చివరికి తేల్చేది రెండు నష్టాల తూకం. చూపకపోవడం వల్ల పోయేది ఆ ఒక్క అమ్మకం మీద లాభం. చూపి ఇవ్వలేకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి, పేమెంట్ గేట్‌వే తీసుకున్న రుసుము చాలాసార్లు తిరిగి రాదు, మార్కెట్‌ప్లేస్‌లో పేరు దెబ్బతింటుంది. రవాణాకు ముందే విక్రేత రద్దు చేసిన ఆర్డర్లు 2.5 శాతం లోపు ఉండాలని అమెజాన్ నియమం. నెలకు నలభై ఆర్డర్లు వచ్చే చిన్న విక్రేతకు రెండు రద్దులంటే 5 శాతం. అందుకే చిన్నవారు పెద్దవారి కంటే కాస్త ఎక్కువే ఆపుకోవాలి.

ఎప్పుడు, ఏ వరుసలో పంపాలి?

సాయంత్రం ఆరు గంటలకు టాలీలోనూ వెబ్‌సైటులోనూ ఒక చీర పది ఉన్నాయి. 6.10కి వెబ్‌సైటులో రెండు అమ్ముడయ్యాయి, అక్కడ ఎనిమిది. ఆ ఆర్డర్ ఇంకా టాలీకి రాలేదు. 6.20కి కౌంటరులో ఒకటి అమ్ముడైంది, టాలీలో తొమ్మిది. 6.30కి సింక్ జరిగి టాలీ తొమ్మిది అని పంపింది. వెబ్‌సైటు ఎనిమిదిని తుడిచేసి తొమ్మిది రాసుకుంది. అమ్మకానికి నిజంగా మిగిలినవి ఏడు. లేని చీరలు రెండు అమ్మకానికి ఉన్నాయి. ఎవరూ తప్పు చేయలేదు, సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. వరుస తప్పింది.

మొత్తం సంఖ్యకు బదులు ‘ఒకటి తగ్గించు’ అని మార్పును మాత్రమే పంపితే ఎనిమిది ఏడవుతుంది, లెక్క కుదురుతుంది. ఈ పద్ధతికీ బలహీనత ఉంది. నెట్ తెగి అదే సందేశం రెండుసార్లు వెళ్తే ఆరు అవుతుంది, ఒక తప్పు పడితే అది పేరుకుంటూ పోతుంది. మొత్తం సంఖ్య పంపే పద్ధతిలో పాత తప్పులు తుడిచిపెట్టుకుపోతాయి, నడిమధ్య అమ్మకాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే షాపిఫై మొత్తం సంఖ్య పంపేటప్పుడు, ఇంతకుముందు అక్కడ ఎంత ఉందనుకుంటున్నారో కూడా చెప్పే వీలు ఇచ్చింది. అది సరిపోలకపోతే మార్పును తిరస్కరిస్తుంది.

ఆచరణలో రెండూ కలిపి వాడటం మంచిది. పగలు మార్పులు మాత్రమే వెళ్లాలి, ప్రతి సందేశానికీ ఒక వేరు నంబరు ఉండాలి. రాత్రి కొట్టు కట్టేముందు ఒకసారి మొత్తం సంఖ్య వెళ్లాలి. దానికి వరుస ఇది. ముందు ఆన్‌లైన్ ఆర్డర్లన్నిటినీ పుస్తకంలోకి తెచ్చుకోవాలి. తర్వాత తీయాల్సినవి తీయాలి. మూల కొలతలో ఆపాల్సినది ఆపాలి. ఆ తర్వాత ప్యాకెట్లుగా మార్చి దశాంశాలు వదిలేయాలి. మైనస్ వస్తే సున్నా చేయాలి. అప్పుడు పంపాలి. డబ్బు చెల్లింపు మధ్యలో ఉన్న ఆర్డర్లనూ మరిచిపోకూడదు. వాటికోసం వూకామర్స్ మామూలుగా 60 నిమిషాలు సరుకును పట్టి ఉంచుతుంది.

తెలుగువారి వ్యాపారాల్లో రాత్రికి మరో ప్రాముఖ్యం ఉంది. చాలా కొట్లలో టాలీ ఉన్న కంప్యూటర్‌ను రాత్రి తొమ్మిదికి ఆపేసి వెళ్తారు. ఆ కంప్యూటర్ ఆగితే సింక్ కూడా ఆగుతుంది. డల్లాస్‌లో వేసవి రాత్రి ఎనిమిదైతే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. అమెరికాలోని తెలుగువారు పచ్చళ్లు, చీరలు తీరికగా చూసే వేళ మన కంప్యూటర్ నిద్రపోయే వేళ. ఆ వేళ కౌంటరు కూడా మూసి ఉంటుంది కాబట్టి సొంత వెబ్‌సైటు ఒక్కటే ఉన్నవారికి భయం లేదు. వెబ్‌సైటుతో పాటు మార్కెట్‌ప్లేస్‌లో కూడా అదే సరుకు పెట్టినవారు మాత్రం, రాత్రి సింక్‌లో ఆ రెంటికీ సరుకును పంచి ఇవ్వాలి. రెండు చోట్లా పూర్తి సంఖ్య ఉంచి నిద్రపోకూడదు.

ఎక్కడ తగ్గించాలి?

ఇంతవరకు చెప్పిన తగ్గింపులను ఎక్కడ చేయాలన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలామంది సులువైన దారి పడతారు. టాలీలోనే పది ఉన్నచోట ఏడు అని దిద్దేసి, అదే సింక్ చేస్తారు. పండగ అయ్యాక మళ్లీ పెంచుతారు. ఈ పద్ధతిని ఏ పరిస్థితిలోనూ సమర్థించలేం.

మొదటి కారణం చట్టం. జీఎస్టీ నిబంధనల్లో 56వ నియమం ప్రకారం, కాంపోజిషన్ స్కీములో ఉన్నవారు తప్ప రిజిస్టరయిన ప్రతి వ్యాపారీ స్టాక్ లెక్క రాయాలి. ప్రారంభ నిల్వ, వచ్చినది, వెళ్లినది, పోయినది, దొంగతనమైనది, పాడైనది, రద్దు రాసినది, బహుమతిగానో నమూనాగానో ఇచ్చినది, మిగిలినది అన్నీ అందులో ఉండాలి. పోయిన, పాడైన, రద్దు రాసిన, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ పన్ను క్రెడిట్ రాదని సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్‌లో దాచడానికి పుస్తకంలో మూడు చీరలు తగ్గిస్తే, అవి ఏమయ్యాయని అడిగినప్పుడు చెప్పడానికి జవాబుండదు. నిజంగా పాడైన మూడింటినీ ఊరికే దాచిన మూడింటినీ ఒకే విధంగా తగ్గించిన పుస్తకాన్ని ఆడిటరు కూడా విడదీయలేడు.

రెండో కారణం మనకే సంబంధించినది. పుస్తకం తగ్గితే కొనుగోలు నిర్ణయం చెడుతుంది. ఏడే ఉన్నాయనుకుని మాస్టర్ వీవర్‌కు కొత్త ఆర్డర్ ఇస్తాం, డబ్బు ఇరుక్కుంటుంది. ఆరు నెలల తర్వాత ఆ మూడు ఎందుకు తగ్గించారో గుర్తుండదు.

సరైన దారి ఒక్కటే. పుస్తకం ఎప్పుడూ ఉన్నదే చెప్పాలి. తగ్గింపు పుస్తకానికీ వెబ్‌సైటుకూ మధ్యలో జరగాలి. అది షాపిఫై గడుల్లో కావచ్చు, సింక్ సాఫ్ట్‌వేర్‌లోని నియమంలో కావచ్చు, ఏ సాఫ్ట్‌వేరూ లేనివారికి ఒక ఎక్సెల్ షీటులో కావచ్చు. షీటులో గడులు ఇవి: రకం, పుస్తకంలో ఉన్నది, ఆర్డర్లకు కట్టుబడినది, అమ్మరానిది, ఆపినది, పంపేది, కారణం. చివరి గడి ఖాళీగా ఉండకూడదు. సరుకు నిజంగా పాడైనా పోయినా పుస్తకంలో వోచర్ పడాలి. ఆపడానికి మాత్రమే అయితే ఈ షీటులోనే ఆగాలి.

2020 జులైలో కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల్లో ఒకటి ఈ సందర్భంలో గుర్తుంచుకోదగ్గది. ఆర్డర్ ఖాయమయ్యాక కొనుగోలుదారు రద్దు చేసుకుంటే రుసుము వేసే సంస్థ, తానే ఏకపక్షంగా రద్దు చేస్తే తానూ అలాంటి భారం మోయాలని ఆ నియమం అంటుంది. ఖాయమైన ఆర్డర్ రెండు వైపులా కట్టుబాటు అన్నదే దాని సారం. మన కొట్లలో ఈ మాట కొత్తది కాదు. అడ్వాన్సు పుచ్చుకున్న చీరను మరొకరికి ఎక్కువ ధరకు అమ్మనివారినే మంచి వ్యాపారి అని ఊరు అంటుంది.

సమీక్ష తేల్చింది ఇది. సింక్ వేగం అవసరమే, కానీ లెక్క సరిగా లేనిచోట వేగం తప్పును త్వరగా చేరవేస్తుంది. ఆపడం అవసరమే, కానీ శాతాల్లో కాక అమ్మకం వేగాన్నీ పండగల్నీ చూసి ఆపాలి. కొలతలు మారే సరుకులో నిండు సంఖ్యలే పంపాలి. ఒక్క పీసు సరుకుకు అంకె కన్నా బీరువా ముఖ్యం. వీటన్నిటికీ ఆధారం నిజం చెప్పే పుస్తకం.

చిన్న వ్యాపారులకు నా విన్నపం ఒకటి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు ఈ వారంలో ఒక పూట కూర్చుని, మీ దగ్గర మూడు లోపు ఉన్న రకాలన్నిటినీ చేత్తో లెక్కపెట్టి పుస్తకంతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి రకానికీ కారణం రాయండి. మీకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో, అసలు కావాలో వద్దో, ఆ కాగితమే చెబుతుంది.